మూసీ తీరాన విశ్వేశ్వరయ్య

నది నగరానికి ప్రాణాధారం. దాని స్వభావాన్ని మరచిన నగరానికి అదే ప్రాణాంతకం కూడా. 1578లో పురానాపూల్ నిర్మాణంతోనూ, 1591లో హైదరాబాదు స్థాపనతోనూ మూసీ తీరం జనసమ్మర్దమైంది. కాలక్రమేణా ఇండ్లు, అంగళ్ళు నీటి అంచు దాకా విస్తరించాయి. 1908 సెప్టెంబరు 28న ఆ నది మహోగ్రరూపం దాల్చింది. వంతెనలు దెబ్బతిన్నాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకొనిపోయింది. వేలాది కుటుంబాలు నిరాశ్రయమయ్యాయి. సుమారు పదిహేను వేలమంది అసువులు బాసినట్లు అంచనా. శోకసముద్రంలో మునిగిన ఆ నగరానికి దారి చూపిన మేధావి మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన 1861 సెప్టెంబరు 15న నాటి మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. వారి పూర్వికులది ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. ఇంటిపేరు ఆ ఊరినే గుర్తుచేస్తుంది. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్య పేదరికాన్ని లెక్కచేయక బెంగుళూరులో పట్టభద్రులై, పూనాలో ఇంజనీరింగు విద్యను పూర్తిచేశారు. 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు. పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి నీటిమట్టాన్ని బట్టి తమంతట తాము తెరుచుకొనే తలుపులను రూపొందించి ఖ్యాతి గడించారు.

బొంబాయి కొలువు వీడి విదేశాలలో పర్యటిస్తున్న తరుణంలో నిజాం ప్రభుత్వం నుండి ఆయనకు పిలుపు వచ్చింది. 1909లో ఆయన హైదరాబాదు చేరుకొన్నారు. నగర పునర్నిర్మాణానికి సలహాలివ్వడం, మళ్ళీ వరద రాకుండా ఉపాయం చెప్పడం, మురుగునీటి పారుదలకు పథకం రచించడం ఆయనకు అప్పగించిన మూడు బాధ్యతలు.

కారణం తెలియనిదే చికిత్స చేయరాదని నమ్మిన శాస్త్రజ్ఞుడాయన. వర్షపాతపు లెక్కలు సేకరించారు. నది ఎగువ ప్రాంతాన్ని పరిశీలించారు. ఆ పరీవాహక ప్రాంతంలో గొలుసుకట్టుగా వందలాది చెరువులున్నాయి. కుండపోత వానకు పైచెరువు తెగితే ఆ నీటి ధాటికి దిగువ చెరువు తెగింది. ఇట్లా రెండు వందలకు పైగా చెరువుల నీరు ఏకమై నగరంపై పడింది. దోషం నదిది మాత్రమే కాదని, ఎగువన నీటిని నిలిపే ఏర్పాటు చాలకపోవడమే ప్రధాన కారణమని తేలింది.

నగరంలో గట్లు ఎంత ఎత్తుగా కట్టినా అవి మాత్రమే చాలవని ఆయన గ్రహించారు. మూసీపైన ఒకటి, దాని ఉపనదియైన ఈసీపైన ఒకటి, నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించాలని సూచించారు. వరదనీటిని అక్కడ నిలిపి, మెల్లమెల్లగా వదలడం వాటి ఉద్దేశం. నగరంలోని తీరాన్ని ఎత్తుచేసి గోడలు కట్టాలని, ఒడ్డున ఉద్యానాలు పెంచాలని కూడా సలహా ఇచ్చారు.

నివేదిక సమర్పించి 1909 చివరలో ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళారు. ఆ పైన దివానుగా కీర్తి పొందారు. అయినా ఆయన ఆలోచన హైదరాబాదులో నిలిచింది. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన జలాశయాలే నగరవాసుల దాహం తీర్చాయి. నది దక్షిణ తీరాన హైకోర్టు, ఉత్తర తీరాన ఉస్మానియా ఆసుపత్రి ఠీవిగా వెలిశాయి. విషాదభూమి శోభాయమానమైంది. మురుగునీటి పథకం మాత్రం ఆలస్యమైంది. ఆ పని నిమిత్తం విశ్వేశ్వరయ్య మరల హైదరాబాదుకు రావలసివచ్చింది.

1955లో ఆయన భారతరత్న పురస్కారం అందుకొన్నారు. నూరేళ్ళు నిండిన జీవితాన్ని గడిపి 1962 ఏప్రిల్‌లో పరమపదించారు. ఆయన జన్మదినాన్ని దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటుంది.

ఆయన తరువాత నగరం ఎన్నో రెట్లు పెరిగింది. మురుగునీరు, కర్మాగారాల వ్యర్థాలు చేరి మూసీ కలుషితమైంది. 2020 అక్టోబరులో భారీ వర్షాలకు నగరంలో చెరువులు తెగి ప్రాణనష్టం సంభవించింది. నదీతీరాన్ని అభివృద్ధి చేయడానికి 2017లోనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. తీరం అందంగా ఉండాలంటే ఎగువన చెరువు క్షేమంగా ఉండాలి, నగరంలో మురుగుకు వేరే దారి ఉండాలి. ఆయన నివేదిక నేర్పిన ఈ పాఠాన్ని మరచి కట్టే ఏ గట్టూ నగరాన్ని కాపాడజాలదు.