డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఆయన మందులు

ఈ శతవార్షిక సంచికలో మిషనరీల జీవితాలూ, తొలి సంఘకాపరుల జీవితాలూ తోటి సోదరులు వ్రాస్తున్నారు. నేను మాత్రం మన సంఘానికి వెలుపలివాడైన ఒక తెలుగు వైద్యుని గురించి వ్రాయదలచాను. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలలో, మురుగు కాలువల ప్రక్కన కాపురముండే ఈ డెల్టా పల్లెలలో బోదకాలు అంటే ఏమిటో తెలియనివారు లేరు. ఆ వ్యాధిని అరికట్టడానికి ప్రభుత్వంవారు ఇంటింటికీ పంచుతూ వచ్చిన డి.ఇ.సి. మాత్ర సుబ్బారావుగారి ప్రయోగశాలలో పుట్టినదే. అది మంచిదా, పనికిమాలినదా అనే వాదం సంఘ సందర్శనకు వెళ్ళినప్పుడు చాలా అరుగుల మీద విన్నాను. ఏ మందు విలువైనా ఎలా తేలుతుందో తెలుసుకోవడానికి ఆయన జీవితం కంటె మంచి పాఠం నాకు కనబడలేదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. బీద సంసారం. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలని తలచారు గాని తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరగారికి కోపం వచ్చింది. తత్ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలింది. సంగ్రహణి వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో మరణించారు. ఆ జబ్బే తనకూ వచ్చినప్పుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని ఆయన జీవితచరిత్రకారులు వ్రాశారు. అన్నదమ్ములలో ఇద్దరు పోయి ఒకడు బ్రతికితే మనం దానిని హస్తవాసి అంటాము, దేవుని దయ అంటాము. నేనూ అంటాను. కాని ఆ ఒక్కడు బ్రతకడంలో మందు పాలు ఎంతో చెప్పాలంటే, అదే జబ్బు గలవారు మరెందరో అదే మందు తిని ఏమైనారో చూడాలి.

1920ల తొలి సంవత్సరాలలో, మామగారి ఆర్థిక సహాయంతో ఆయన అమెరికా చేరుకున్నారు. రాత్రివేళ ఆస్పత్రిలో కూలిపని చేసుకుంటూ హార్వర్డులో చదివారు. సైరస్ ఫిస్కెగారితో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిను, ఎ.టి.పి. అనే పదార్థాలను ఆ తరువాత కనుగొన్నారు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్‌రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో చేరారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. టామ్ స్పైస్ మొదలగు వైద్యులు దానిని సంగ్రహణి రోగులకు ఇచ్చి చూడగా పాలిపోయిన ముఖాలకు నెత్తురు వచ్చింది. సోదరులను మింగిన జబ్బుకు ఆయన శాలలోనే మందు దొరికినట్లయింది. పెర్నీషియస్ అనీమియా అనే మరొక రక్తహీనతకు కూడా దీనిని వాడారు. రక్తపరీక్షలు చక్కగా వచ్చాయి. అయితే ఆ రోగులను నెలల తరబడి గమనించినప్పుడు, కొందరికి కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తప్పి, నరాలు దెబ్బతింటున్నట్లు తేలింది. ఆ జబ్బుకు కావలసినది బి-12 విటమిను అని 1948లో తెలిసింది. రక్తపరీక్ష కాగితాన్నే నమ్ముకుని ఊరుకున్నట్లయితే ఎంతమంది మంచాన పడేవారో!

బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సరు సోకిన పసిపిల్లలకు ఫోలిక్ ఆమ్లపు జాతి మందులు ఇచ్చి చూశారు. మేలు జరుగుతుందనుకుంటే, మూలుగలో జబ్బు మరింత ముదురుతున్నట్లు కనబడింది. ఆ చేదు ఫలితాన్ని వారు దాచలేదు. పోషించేది ఇది అయితే దీనికి విరుగుడు ఇవ్వవలెనని తోచింది. సుబ్బారావుగారి శాల నుండి అమినోప్టెరిన్ వచ్చింది. 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని ఫార్బరు 1948 జూనులో ప్రకటించారు. తాత్కాలికమే అని ఆయనే స్పష్టంగా వ్రాశారు. ఆ కుటుంబంలోనిదే మెథోట్రెక్సేటు. నేటికీ క్యాన్సరుకూ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు.

ఇక మన బోదకాలు మందు. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో మందుకోసం వెదుకులాట మొదలైంది. సుబ్బారావుగారి విభాగంలో రెడ్జినల్ హ్యూయిట్ మొదలగువారు ఎన్నో రసాయనాలను ఎలుకలపై పరీక్షించి హెట్రజాన్‌ను పట్టుకున్నారు. అదే డి.ఇ.సి. 1947లో ప్యూర్టోరికో రోగులకు ఇవ్వగా రక్తంలోని సూక్ష్మ క్రిములు శీఘ్రంగా తగ్గిపోయాయి. మరుసటి సంవత్సరం ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో, సుబ్బారావుగారు నిద్రలోనే మరణించారు. స్వదేశానికి తిరిగి రానేలేదు.

మందు మాత్రం వచ్చింది. 1955లో భారత ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ఆరంభించి డి.ఇ.సి.ని ప్రజలందరికీ పంచబూనింది. మింగినవారిలో కొందరికి జ్వరం, తలనొప్పి, వికారం వచ్చాయి. చచ్చిన క్రిములవల్ల కలిగే బాధ అది. క్రిములు ఎక్కువ ఉన్నవారికే ఎక్కువ. అంటే జ్వరం రావడమే మందు పనిచేసిందనడానికి గుర్తు. ఆ సంగతి ఇంటింటికీ వెళ్ళి చెప్పేవారెవరు? జనం మాత్రలు మానుకున్నారు. 1960ల తొలినాళ్ళకు సామూహిక పంపిణీ ఆగిపోయింది. ఎలుకలలో నెగ్గి, ప్యూర్టోరికోలో నెగ్గిన మందు మన పల్లెలలో ఓడిపోయినట్లు లెక్కలోకి ఎక్కింది. ఓడిపోయింది మందా, పంచిన విధానమా? చైనాలో దీనినే వంట ఉప్పులో కలిపి తినిపించారు. 2007 నాటికి ఆ దేశం ఫైలేరియాను తొలగించుకున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది.

12 రోజుల కోర్సుకు బదులు ఏడాదికొక్క మోతాదు చాలునని అనేక ప్రాంతాల అనుభవం మీద తేలాక, 2004 నుండి దేశంలో వ్యాధి ఉన్న జిల్లాలలో సామూహిక పంపిణీ విస్తృతంగా మొదలైంది. తరువాత ఆల్బెండజోలు జతచేశారు. 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చారు. గర్భిణులకూ, రెండేళ్ళలోపు పిల్లలకూ, తీవ్రంగా జబ్బుపడినవారికీ ఇవ్వరు. ఇక్కడ పాత చిక్కే మళ్ళీ వచ్చింది. పంచిన మాత్రల లెక్క వేరు, మింగిన మాత్రల లెక్క వేరు. చీరకొంగున ముడివేసుకుని రేపు మింగుతానన్న అక్క రేపు మింగదు. అందుకే ఎదుటనే మింగించమని కార్యకర్తలకు చెబుతారు.

ఒకసారి లావెక్కిన కాలును ఈ మాత్ర సన్నం చేయదు. మా నాన్నకు తగ్గలేదు గనుక మందు దండుగ అనేవారు ఈ సంగతి గమనించాలి. అటువంటి కాలును రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, వేళ్ళ సందుల పుండ్లు మాన్పుకుంటే జ్వరాలు తగ్గుతాయి. మాత్ర పని ఇంకొకరికి అంటకుండా ఆపడం. అది జరిగిందో లేదో తెలుసుకోవడానికి, కొన్నేళ్ళ పంపిణీ తరువాత ఆరేడేళ్ళ పిల్లల వేలికొసన రక్తపుబొట్టు తీసి పరీక్షిస్తారు. పంపిణీ మొదలయ్యాక పుట్టిన బిడ్డలు వారు. ఎక్కువమంది బిడ్డలలో క్రిమి జాడ కనబడితే, రిజిస్టరులో ఎంత శాతం వ్రాసి ఉన్నా ఆ ప్రాంతంలో పంపిణీ మళ్ళీ సాగించవలసిందే.