జాన్ బాయ్డ్ డన్‌లప్

జాన్ బాయ్డ్ డన్‌లప్ (1840 ఫిబ్రవరి 5 - 1921 అక్టోబరు 23) స్కాట్లాండులో జన్మించి ఐర్లండులో స్థిరపడిన పశువైద్యుడు. ఆచరణలో నిలదొక్కుకున్న మొట్టమొదటి గాలి టైరును తయారుచేసిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. ఇతడు ఇంజనీరు కాడు, బండ్ల తయారీదారుడూ కాడు. కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి ఇంటి పెరట్లో చేసిన ప్రయత్నమే ఇతనికి పేరు తెచ్చింది. గాలి టైరును ఇతనికంటే నాలుగు దశాబ్దాల ముందే మరొక స్కాట్లాండు దేశీయుడు కనిపెట్టి ఉండడం వలన, ఇతనిని ఆవిష్కర్త అనవచ్చునా అన్న చర్చ ఇతని జీవితకాలంలోనే మొదలయింది.

బాల్యము, విద్య

డన్‌లప్ స్కాట్లాండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో డ్రెగ్‌హార్న్ అనే గ్రామంలో జన్మించాడు. నెలలు నిండకముందే పుట్టినవాడినని, తన ఆరోగ్యం అంతంత మాత్రమేనని ఇతడు నమ్మేవాడు. ఆ కారణంగా ఒంటికి శ్రమ కలిగించే పనులకు దూరంగా ఉండేవాడు. అయినా 81 సంవత్సరాలు జీవించాడు. ఎడిన్‌బరోలోని డిక్ పశువైద్య కళాశాలలో చదివి, 19 ఏళ్ళకే పట్టా పుచ్చుకున్నాడు.

1867లో ఐర్లండుకు వెళ్ళాడు. సోదరుడు జేమ్స్‌తో కలిసి డౌన్‌పాట్రిక్ పట్టణంలో పశువైద్యశాలను నడిపి, ఆ తరువాత బెల్‌ఫాస్ట్ నగరంలోని గ్లౌస్టర్ వీధిలో వృత్తి సాగించాడు. 1876లో మార్గరెట్ స్టీవెన్‌సన్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమార్తె, ఒక కుమారుడు. 1880ల మధ్యకు వచ్చేసరికి ఇతని వైద్యశాల ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా ఎదిగింది. వృత్తికి కావలసిన కొన్ని ఉపకరణాలను రబ్బరుతో స్వయంగా చేసుకునే అలవాటు ఉండడంతో, రబ్బరును కోయడం, అతికించడం ఇతనికి బాగా తెలుసు.

పెరట్లో ప్రయోగం

ఆనాటి బెల్‌ఫాస్ట్ వీధులు రాతి దిమ్మెలు పరచినవి. వాటి మధ్య ట్రాము పట్టాలు ఉండేవి. సైకిళ్ళకు ఇనుప చక్రాలో, గట్టి రబ్బరు పట్టీ వేసిన చక్రాలో ఉండేవి. గట్టి చక్రం ఒక రాతి అంచును ఎక్కవలసి వస్తే, చక్రంతో పాటు బండీ, దానిమీద కూర్చున్న మనిషీ పైకి లేవవలసిందే. ముందుకు పోవలసిన శక్తిలో కొంత ఆ ఎగిరిపడడంలోనే ఖర్చవుతుంది. కనుక కుదుపు శరీరానికి బాధ కలిగించడమే కాదు, వేగాన్ని కూడా తగ్గిస్తుంది. గాలి నింపిన గొట్టమైతే రాయి తగిలినచోట మాత్రమే లోపలికి నొక్కుకొని, రాయి దాటగానే తిరిగి యథాస్థితికి వస్తుంది. బండి ఇరుసు దాదాపు సమమైన ఎత్తులోనే సాగిపోతుంది. నేటి బస్సులలోను, కొన్ని కార్లలోను ఇరుసుకూ చట్రానికీ మధ్య అమర్చే గాలి సంచుల సస్పెన్షన్ కూడా గాలికి ఉన్న ఈ గుణం మీదే ఆధారపడి పనిచేస్తుంది. డన్‌లప్ ఆ గాలిని ఇరుసు దగ్గర కాక, నేల తగిలే చోటనే పెట్టాడు.

1887 అక్టోబరులో ఇతడు 96 సెంటీమీటర్ల వ్యాసం గల ఒక చెక్క చక్రాన్ని తీసుకున్నాడు. పలుచని రబ్బరు రేకుతో గొట్టం చేసి, దానిని చక్రం అంచుచుట్టూ అమర్చి, పైన నారబట్ట చుట్టి, ఆ బట్టను చెక్కకు మేకులతో బిగించాడు. ఫుట్‌బాల్ పంపుతో గాలి నింపి మూతి కట్టివేశాడు. తరువాత కుమారుని సైకిలు నుండి ఒక లోహపు చక్రాన్ని ఊడదీసి, రెండింటినీ పెరట్లో దొర్లించాడు. లోహపు చక్రం మధ్యలోనే ఆగి పడిపోయింది. గాలి చక్రం పెరడు దాటి గేటు స్తంభానికి కొట్టుకొని వెనక్కి తుళ్ళింది. పరీక్షకు ఇంతకంటే ఖరీదైన పరికరాలేవీ ఇతడు వాడలేదు.

తరువాత సైకిలు వెనుక చక్రాలు రెండింటికీ గాలి టైర్లు అమర్చాడు. ఫలితం బాగుండడంతో పెద్దల సైకిలుకు కూడా వేసి, దక్షిణ బెల్‌ఫాస్ట్‌లోని చెరివేల్ క్రీడామైదానంలో పరీక్షించాడు. 1888 జూలైలో పేటెంటుకు దరఖాస్తు చేయగా, అదే సంవత్సరం డిసెంబరు 7న మంజూరయింది.

పందెములు, కంపెనీ

లావుపాటి టైర్లతో ఉన్న సైకిలును చూసి జనం మొదట నవ్వుకున్నారు. బెల్‌ఫాస్ట్ క్రూయిజర్స్ సైకిలు క్లబ్బు నాయకుడు విల్లీ హ్యూమ్ మాత్రం అటువంటి సైకిలును కొనుగోలు చేశాడు. డన్‌లప్ సలహా మేరకు 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ క్రీడలలో పాల్గొని, నాలుగు సైకిలు పందెములలోనూ గెలిచాడు. కొద్దిరోజులకే లివర్‌పూల్‌లో ఒక్కటి మినహా అన్నింటిలోను విజయం సాధించాడు. ఓడినవారిలో ఐర్లండు సైక్లిస్టుల సంఘం అధ్యక్షుడు హార్వే డు క్రాస్ కుమారులు ఉన్నారు. డు క్రాస్ ఈ ఓటమిలో వ్యాపార అవకాశాన్ని చూశాడు. డన్‌లప్‌తో కలిసి 1889లో డబ్లిన్‌లో ఒక కంపెనీని ఏర్పాటుచేశాడు. పేటెంటు హక్కులు ఆ కంపెనీకి చెందాయి.

పేటెంటు రద్దు

పేటెంటు వచ్చిన రెండేళ్ళకు అది చెల్లదని డన్‌లప్‌కు అధికారికంగా తెలిసింది. స్కాట్లాండులోని స్టోన్‌హేవెన్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ (1822-1873) ఇదే ఊహతో 1845లో బ్రిటనులోను, 1846లో ఫ్రాన్సులోను, 1847లో అమెరికాలోను పేటెంట్లు పొంది ఉన్నాడు. థామ్సన్ తన చక్రాలను గుర్రపుబండ్లకు అమర్చి లండను రీజెంట్స్ పార్కులో ప్రదర్శించాడు కూడా. అయితే అప్పటికి సైకిళ్ళు ఇంకా వాడుకలోకి రాలేదు, రబ్బరు ఖరీదెక్కువ. అందువలన ఆ ఆవిష్కరణ మరుగున పడింది. డన్‌లప్‌కు థామ్సన్ సంగతి తెలియదనే సాధారణంగా అంగీకరిస్తారు. ఊహ థామ్సన్‌దే అయినా, దానికి గిరాకీ ఉన్న కాలంలో పనికివచ్చే వస్తువుగా చేసి చూపినది డన్‌లప్ అనడం న్యాయం.

అసలు పేటెంటు పోయినా కంపెనీ నిలబడడానికి ఇతరుల ఆవిష్కరణలు తోడ్పడ్డాయి. డన్‌లప్ టైరు చక్రానికి శాశ్వతంగా అతికి ఉండేది. కనుక పంక్చరు వేయడం గంటల తరబడి సాగే పని. 1890లో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ అంచులో తీగ ఉన్న టైరును, దానికి తగిన చక్రపు అంచును రూపొందించాడు. విలియం బార్ట్‌లెట్ మరొక పద్ధతిని కనిపెట్టాడు. ఈ హక్కులను కంపెనీ కొనుగోలు చేసింది. ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు 1891లో ఊడదీయగల సైకిలు టైరును తెచ్చి, 1895లో పారిస్-బోర్డో-పారిస్ పందెంలో కారును గాలి టైర్లపై నడిపారు.

టైర్ల గిరాకీతో అడవి రబ్బరు ధర పెరిగింది. ఆ రబ్బరు కోసం బెల్జియం రాజు లియోపోల్డ్ పాలనలోని కాంగోలో ప్రజలపై జరిగిన దారుణాలను 1904లో రోజర్ కేస్‌మెంట్ నివేదిక బయటపెట్టింది. బెల్‌ఫాస్ట్ పశువైద్యునికి ఇందులో పాత్ర లేకపోయినా, టైరు చరిత్రలో ఈ అధ్యాయాన్ని విస్మరించరాదు.

చివరి సంవత్సరములు

డన్‌లప్ 1895లో కంపెనీ నుండి తప్పుకున్నాడు. మరుసటి ఏడే డు క్రాస్ ఆ వ్యాపారాన్ని టెరా హూలీ అనే ధనవ్యాపారికి 30 లక్షల పౌండ్లకు అమ్మగా, హూలీ దానిని ప్రజలకు 50 లక్షల పౌండ్లకు తిరిగి అమ్మాడు. డన్‌లప్ అప్పటికే బయటకు వచ్చి ఉన్నాడు. తరువాత డబ్లిన్‌లో బట్టల వ్యాపారంలో పాల్గొన్నాడు.

కంపెనీ మాత్రం ఇతని పేరును, గడ్డంతో ఉన్న ముఖాన్ని వదలలేదు. పొడవాటి తెల్ల టోపీ, చేతికర్ర, కంటద్దంతో సోకులరాయునిలా చిత్రించి ప్రకటనలు వేసింది. నిరాడంబరంగా జీవించిన వృద్ధునికి ఇది అవమానంగా తోచి, తన పేరు పెట్టుకున్న కంపెనీపైనే ఐర్లండులో దావా వేశాడు. ఐర్లండు న్యాయస్థానానికి ఇంగ్లండు కంపెనీపై అధికారం ఉందా అన్న ప్రశ్నపై ఆ వ్యాజ్యం బ్రిటను ప్రభువుల సభ వరకు వెళ్ళి, తీర్పు డన్‌లప్‌కు అనుకూలంగా వచ్చింది. 1921 అక్టోబరు 23న డబ్లిన్‌లోని బాల్స్‌బ్రిడ్జ్‌లో ఇతడు మరణించాడు. డీన్స్‌గ్రేంజ్ శ్మశానవాటికలో సమాధి ఉంది. గాలి టైరు చరిత్రపై ఇతడు రాసిన పుస్తకం మరణానంతరం వెలువడింది.

పేరు నిలిచిన తీరు

భారతదేశంలో డన్‌లప్ కంపెనీ 1936లో పశ్చిమ బెంగాలు హుగ్లీ జిల్లాలోని సాహాగంజ్‌లో కర్మాగారం నెలకొల్పింది. అది తరువాత మూతపడింది. గాలి టైర్లు ఎడ్లబండ్లకు కూడా వచ్చాక, తెలుగు పల్లెలలో వాటిని టైరు బండ్లు అన్నారు. నురుగు రబ్బరుతో చేసే డన్‌లప్ పరుపు 1929లో ఆ కంపెనీ ప్రయోగశాలలో రూపొందిన పద్ధతికి చెందినది, దానితో జాన్ డన్‌లప్‌కు సంబంధం లేదు. సైకిలు ట్యూబులలో ఉండే డన్‌లప్ వాల్వుకు వుడ్స్ వాల్వు అనే మరో పేరు ఉంది. ఉత్తర ఐర్లండులోని నార్తర్న్ బ్యాంకు ముద్రించిన 10 పౌండ్ల నోటుపై డన్‌లప్ చిత్రం ఉంది. ఆ నోటుపై టోపీ, కంటద్దం లేవు.