డోర్నకల్ జంక్షన్‌లో దిగితే: బిషప్ అజరయ్య గారి కథ

భద్రాచలం వీడియో చూసి చాలామంది ట్రైన్ రూట్ అడిగారు. సికింద్రాబాద్‌లో ఎక్కితే జనగామ, కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. అక్కడ ఒక లైను విజయవాడ వైపు, ఇంకో లైను భద్రాచలం రోడ్ వైపు వెళ్తాయి. రాములవారి దర్శనానికి వెళ్తూ ఆ బోర్డు ఎన్నోసార్లు చూశాను కానీ ఎప్పుడూ దిగలేదు. ఈసారి దిగాను.

ఊళ్ళో ఒక పెద్ద కట్టడం ఉంది. గుమ్మటాలు, మినార్లు చూసి మొదట మసీదేమో అనుకున్నాను. దగ్గరికెళ్తే స్తంభాలు మన గుడి మండపాన్ని గుర్తుచేశాయి, చెక్కడాల్లో తామరపూలు కూడా ఉన్నాయి. తీరా చూస్తే అది చర్చి. ఏళ్ళ తరబడి పని సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. ఇది ఈ దేశపు చర్చిలాగే కనపడాలని పట్టుబట్టి కట్టించినాయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. మన ఛానెల్‌లో బిషప్ గురించి ఎందుకు అంటారా? కొంచెం ఓపిక పట్టండి, చెప్తాను.

ఆయన తెలుగువారు కాదు. 1874లో తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి హిందువుగా పుట్టి, మతం మారి, పాస్టర్ అయ్యారు. వాళ్ళది నాడార్ కులం. ఆ రోజుల్లో అక్కడ చాలా గుళ్ళలోకి నాడార్లను రానిచ్చేవాళ్ళు కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఎ.లో చేరి, ఊరూరా తిరిగి కుర్రాళ్ళను సేవకు రమ్మని పిలిచేవారు. పిలిచే తనే ఎందుకు వెళ్ళకూడదని ఆయన మనసులో పడింది. 1909లో కుటుంబంతో డోర్నకల్ వచ్చేశారు. అప్పుడిది నిజాం రాజ్యం. కచేరీల్లో ఉర్దూ, ఊళ్ళల్లో తెలుగు. ఆయనకేమో వచ్చింది తమిళం, ఇంగ్లీషు. ముప్పై అయిదేళ్ళ వయసులో కూర్చుని తెలుగు నేర్చుకున్నారు.

భార్య అన్బు మరియమ్మాళ్ గారి గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. అంత చదువుకుని ఎడ్లబండిలో భర్తతో పాటు పల్లెలు తిరిగారు, ఆడవాళ్ళ మధ్య కూర్చుని పనిచేశారు. మురికి, రోగం, అప్పు, తాగుడు: ఈ నాలుగూ ఊరిని పీడించే దయ్యాలని అజరయ్య గారు ప్రచారం చేసేవారు. బడులు, వైద్యం, సహకార సంఘాలు అన్నీ ఆ పనిలో భాగమే. పాటలు కూడా తెలుగు బాణీల్లోనే పాడించారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అక్కడ ఈ మనిషి లేచి, తెల్ల మిషనరీలు మాకు డబ్బిచ్చారు, ప్రాణాలిచ్చారు గానీ మమ్మల్ని స్నేహితులుగా చూడలేదని ముఖం మీదే చెప్పేశారు. సభలో చాలామందికి నచ్చలేదు. రెండేళ్ళ తర్వాత ఆయన్ని బిషప్‌ని చేయాలన్నప్పుడు అడ్డు చెప్పినవాళ్ళూ ఉన్నారు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

ఇప్పుడు మనకు ఇబ్బంది కలిగించే భాగం. ఆయన కాలంలో ఈ డయాసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్ళే. గాంధీగారు ఈ మతమార్పిడులను గట్టిగా వ్యతిరేకించారు. ఏమీ తెలియని పేదల్ని మారుస్తున్నారని ఆయన బాధ. పేదవాడికి సొంత బుద్ధి ఉండదనుకోవడమే అవమానం అని అజరయ్య గారి జవాబు. అలాగని ఆయన క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు అడగలేదు, వద్దన్నారు.

మతమార్పిడి విషయంలో నా మనసు గాంధీగారి వైపే ఉంది. దాచను. కానీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఇదే లైన్లో ముందొచ్చే జనగామ దగ్గరే పాలకుర్తి ఉంది. అక్కడి సోమనాథుడు బసవ పురాణంలో అన్ని కులాల భక్తుల కథలూ చెప్పి ఏడు వందల ఏళ్ళు అవుతోంది. మరి ఆ తర్వాత కూడా గుడి బయటే నిలబడాల్సి వచ్చిన మనిషి, తన వాకిట్లోకి వచ్చి కూర్చున్న బిషప్ వైపు చూస్తే తప్పు ఎవరిది?

చర్చిలోకి వెళ్ళినంత మాత్రాన కులం పోయిందనుకోకండి. మాల, మాదిగ తేడాలు లోపలికీ వచ్చాయి. వాటితో ఆయన చివరిదాకా పోరాడుతూనే ఉన్నారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

సాయంత్రం మళ్ళీ ట్రైనెక్కాను. మర్నాడు భద్రాచలంలో దర్శనం క్యూలో నిలబడ్డప్పుడు, నా ముందూ వెనకా ఉన్నవాళ్ళది ఏ కులమో నాకు తెలియదు, ఎవరూ అడగలేదు. ఒకప్పుడు ఇదే వరసలో నిలబడే వీల్లేనివాళ్ళు ఎంతమందో అనిపించింది. ఆ రోజు రాముడికి దణ్ణం పెట్టుకుంటూ వాళ్ళను కూడా తలుచుకున్నాను.

ఈసారి భద్రాచలం వెళ్తే ఒక పూట ముందు డోర్నకల్‌లో దిగండి. ఏమనిపించిందో కింద రాయండి, కోపం వచ్చినా సరే మర్యాదగా రాయండి. వచ్చే వారం పాలకుర్తి వెళ్దాం. శుభం.