నిత్యజీవితంలో తత్త్వచింతన: డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జీవితం

తత్త్వశాస్త్రం కూడు పెడుతుందా అని అడగడం మనవాళ్ళకు పరిపాటి. పిల్లలు వైద్యమో, ఇంజనీరింగో చదువుతామంటే సంతోషించే తల్లిదండ్రులు తత్త్వశాస్త్రం చదువుతామంటే దిగులుపడతారు. సముద్రాలు దాటివచ్చి హారోలో సంసారాలు నిలబెట్టుకొన్న మనకు ఆ దిగులు మరికాస్త ఎక్కువే. ఆ ప్రశ్నకు తన జీవితంతోనే సమాధానమిచ్చిన తెలుగు బిడ్డ డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఈ సాంస్కృతికోత్సవ సందర్భంలో వారి కథను ఆ దృష్టితో ఒకసారి స్మరించుకొందాం.

రాధాకృష్ణన్ గారి పూర్వులది నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామం. వారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించారు. తండ్రి వీరాస్వామి గారు జమీందారీ కొలువులో చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, రాబడి తక్కువ. తిరుపతిలోను, వేలూరులోను మిషనరీ విద్యాలయాల్లో చదువుకొని, 1904లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అక్కడ తత్త్వశాస్త్రం తీసుకొన్నది గొప్ప జిజ్ఞాసతో కాదు. అదే చదువు పూర్తిచేసిన బంధువొకరు తన పాత పుస్తకాలు ఆయనకిచ్చారు. కొనే స్తోమతు లేని విద్యార్థికి ఆ పుస్తకాలే దారి చూపించాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1905 నుంచి 1907 వరకు, మన హారో కొండమీది పాఠశాలలో అలహాబాదు నుంచి వచ్చిన ఒక సంపన్నుల పిల్లవాడు చదువుకొంటున్నాడు. అతడే జవహర్‌లాల్ నెహ్రూ. ఇక్కడ హారోలో ఆ పిల్లవాడు, అక్కడ మద్రాసులో పాత పుస్తకాల విద్యార్థి. వీరిద్దరినీ కాలం ఏ విధంగా కలిపిందో ముందు చూస్తాం.

మద్రాసు కళాశాలలో రాధాకృష్ణన్ గారికి తగిలిన దెబ్బ వేరు. తాను ఎంతో గౌరవించే క్రైస్తవ గురువులే హిందూమతంలో నీతికి చోటు లేదని విమర్శించేవారు. జగత్తంతా మాయ అయినప్పుడు పొరుగువానికి సాయపడటం ఎందుకు, అన్యాయాన్ని ఎదిరించడం ఎందుకు అన్నది ఆ విమర్శలోని సారాంశం. ఇంట్లో తల్లిదండ్రుల భక్తిని చూస్తూ పెరిగిన యువకునికి ఈ మాట ముల్లులా గుచ్చుకొంది. అటువంటప్పుడు మనిషి రెండే పనులు చేస్తాడు: కోపగించుకోవడం, లేదా సిగ్గుపడి తనవాళ్ళను వదులుకోవడం. ఆయన రెండూ చేయలేదు. ఆ విమర్శ నిజమో కాదో తేల్చుకోవడానికి మూలగ్రంథాలు తెరిచారు.

ఫలితంగా 1908లో, ఇరవయ్యేళ్ళ ప్రాయంలో, వేదాంతంలోని నీతిని గురించి ఎమ్.ఏ. పట్టానికి ఒక సిద్ధాంత వ్యాసం వ్రాశారు. మాయ అంటే ప్రపంచం లేదని అర్థం కాదనీ, అది తనంతట తాను నిలిచేది కాదని మాత్రమే అర్థమనీ, అందరిలోను ఉన్నది ఒకే ఆత్మ అయినప్పుడు ఇతరుల బాధ మనకు పరాయిది కాజాలదనీ వారి వాదం. విమర్శించిన వర్గానికే చెందిన ఆచార్యుడు ఏ.జి. హాగ్ ఆ వ్యాసాన్ని మెచ్చుకొన్నారు. తత్త్వం మొదటిసారి ఆయనకు పనికివచ్చింది అక్కడే.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయులుగా చేరి, 1918లో మైసూరుకు, 1921లో కలకత్తాకు ఆచార్యులుగా వెళ్ళారు. మైసూరు విడిచి వెళ్ళే రోజున విద్యార్థులు వారి బండిని తామే రైలుస్టేషనుకు లాగుకొనిపోయారు. భారతీయ తత్త్వశాస్త్రంపై వారి బృహద్గ్రంథం 1923లోను, 1927లోను రెండు సంపుటాలుగా వెలువడింది. 1926లో తొలిసారి ఈ దేశం వచ్చి, ఆక్స్‌ఫర్డు మాంచెస్టర్ కళాశాలలో హిందూ జీవనదృష్టిని గురించి ఉపన్యాసాలిచ్చారు. ఒకనాడు మద్రాసులో తనను గుచ్చిన ప్రశ్నకే, ఇక్కడి శ్రోతల ఎదుట, ఇక్కడి భాషలో, గౌరవంగా జవాబు చెప్పారన్నమాట. 1936లో ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతాలకు, నీతిశాస్త్రానికి ఏర్పాటైన స్పాల్డింగ్ ఆచార్య పీఠాన్ని అలంకరించి, 1952 వరకు అందులో కొనసాగారు.

తత్త్వవేత్తకు లోకవ్యవహారం తెలియదనే అపోహ మనలో ఉంది. 1931 నుంచి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉన్నప్పుడు ఆయన విజ్ఞానశాస్త్ర శాఖలను పెంపొందించారు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువకులను ప్రాంతం, మతం, రాజకీయాభిప్రాయం పాటించకుండా పిలిపించి ఉద్యోగాలిచ్చారు. 1939లో కాశీ హిందూ విశ్వవిద్యాలయ బాధ్యత స్వీకరించారు. 1942 ఉద్యమంలో ప్రభుత్వాగ్రహం ఆ విద్యాలయంపై పడినప్పుడు విద్యార్థులకు అండగా నిలిచి, సంస్థను కాపాడుకొన్నారు. అక్కడే వారంవారం విద్యార్థులకు భగవద్గీత బోధించేవారు. ఆ రోజుల్లో గీత ఆయనకు పాఠమూ అయింది, పరీక్షా అయింది.

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగసభలో నెహ్రూ, రాధాకృష్ణన్ ఒకే వేదికమీద ప్రసంగించారు. హారో విద్యార్థి ప్రధాని అయ్యారు. పాత పుస్తకాల విద్యార్థి మాస్కోలో రాయబారిగా పనిచేసి, 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి అయ్యారు. 1962 చైనా యుద్ధంలో ఓటమి తరువాత ప్రభుత్వపు అజాగ్రత్తను, అతి నమ్మకాన్ని ఆయన బహిరంగంగానే ఎత్తిచూపారు. పదవి విడిచే ముందు, 1967 గణతంత్ర దినోత్సవ సందేశంలో పాలనలోని అసమర్థతను విమర్శించారు. స్నేహం స్నేహమే, సత్యం సత్యమే.

అయితే తత్త్వం మనిషిని లోపరహితుని చేస్తుందని చెప్పడం సత్యం కాదు. 1903లో ఆయనను వివాహమాడిన శివకామమ్మ గారు ఐదుగురు కుమార్తెలను, ఒక కుమారుణ్ణి పెంచి, 1956లో కన్నుమూశారు. ఆ కుమారుడే చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్. 1989లో ప్రకటించిన జీవితచరిత్రలో తండ్రి గొప్పతనాన్ని వ్రాసిన చేతితోనే, తల్లికి కలిగించిన మనస్తాపాన్ని కూడా ఆయన దాచకుండా వ్రాశారు. ఉన్నదున్నట్లు చూడటం ఆ ఇంటి చదువే కాబోలు.

రాధాకృష్ణన్ గారు 1975 ఏప్రిల్ 17న మద్రాసులో పరమపదించారు. 1962 నుంచి వారి జన్మదినం భారతదేశంలో ఉపాధ్యాయ దినోత్సవంగా జరుగుతున్నది.

ఆక్స్‌ఫర్డు మనకెంతో దూరం లేదు. సెలవుదినాన పిల్లలను తీసుకొని వెళ్ళి, ఆయన నడచిన వీధులు చూపించి రావచ్చు. అంతకంటె ముఖ్యమైనది మరొకటుంది. మీ దేవుళ్ళు ఇంతమంది ఎందుకు, మీరు ఇలా ఎందుకు చేస్తారు అని బడిలో తోటిపిల్లలు అడిగిన ప్రశ్నతో మన బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు, కసరకుండా, నవ్వి ఊరుకోకుండా, మనమూ పక్కన కూర్చుని ఒక పుస్తకం తెరవాలి. తెలియనిది తెలియదని ఒప్పుకొని కలిసి వెదకాలి. మద్రాసులో ఒక పేద విద్యార్థి చేసిన పని అదే. నిత్యజీవితంలో తత్త్వానికి అంతకన్న పెద్ద ప్రయోజనం వెదకనక్కరలేదు.