సగము కథ చెప్పిన వర్తకుడు

వర్తకుని ఇంట లాభము నలుగురు వినునట్లు చెప్పుకొందురు. నష్టము చిఠ్ఠా మూసి, తలుపు వేసి చెప్పుకొందురు. తన నష్టములన్నింటిని పద్యములుగా వ్రాసి లోకము చేతికిచ్చిన జైన వర్తకుడు బనారసీదాసు.

ఆయన విక్రమ సంవత్ 1643లో, అక్బరు ఏలుబడిలో, జౌన్‌పురమున శ్రీమాల కులములో పుట్టెను. తండ్రి ఖర్గసేనుడు రత్నాల వ్యాపారి. చదువు బ్రాహ్మణులకు, భట్టులకు తగును గాని కోమటి బిడ్డ అంగడిలో కూర్చుండవలెనని పెద్దలు మందలించిరి. కుర్రవాడు వినలేదు. వేయి పద్యముల శృంగార కావ్యమొకటి వ్రాసెను. ఒకనాడు గోమతి వంతెనపై మిత్రులకు అది చదివి వినిపించుచుండగా, ఇన్ని కల్లలల్లిన తనకు ఏ గతి పట్టునో అని తోచి, ఆ ప్రతిని నదిలో విడిచెను. మిత్రులు అయ్యో అనుచుండగానే కాగితములు ప్రవాహములో కలిసిపోయెను.

విక్రమ సంవత్ 1667లో తండ్రి రత్నములు, నేయి, నూనె, బట్టలు అప్పగించి ఆయనను ఆగ్రాకు పంపెను. ఆ బేరము పూర్తిగా చెడెను. నడుమున దోపుకొన్న రత్నములు కొన్ని జారిపోయెను. మిగిలిన సరకు సొమ్ము తిండికే కరగిపోయెను. సాయంకాలములందు పదిమందిని చేర్చి మధుమాలతి, మృగావతి కథలు పాడి వినిపించుచు, ఒక కచోరీల దుకాణమున అరువుపై తినుచు నెలలు గడిపెను. చేతిలో దమ్మిడీ లేదని దాచక చెప్పినను ఆ దుకాణదారుడు అరువు మానలేదు. తరువాత అత్తవారి ఊరు ఖైరాబాదు పోగా, భార్య తాను దాచుకొన్న 20 రూపాయలు చేతిలో పెట్టెను. ఆ ఇల్లాలి పేరు గ్రంథమునకెక్కలేదు గాని ఆమె ఇచ్చిన సొమ్ము ఎక్కినది.

ఆగ్రాలో అధ్యాత్మ గోష్ఠి ఏర్పడినది. కుందకుందాచార్యుల సమయసారమునకు రాజమల్లుని భాషా వ్యాఖ్య ఆయన చేతికి వచ్చెను. (ఆ ఆచార్యుల ఊరు అనంతపురము జిల్లాలోని కోనకొండ్ల అని చెప్పుదురు.) చదివినది సగమే అరిగినది. పూజ, వ్రతము మాని, ముగ్గురు మిత్రులతో గది తలుపులు మూసుకొని, తాము దిగంబర మునులమని నగ్నముగా తిరిగెను. ఊరు నవ్వినది. విక్రమ సంవత్ 1692లో రూపచంద్ పండితుడు ఆగ్రాకు వచ్చి గోమ్మటసారము వివరించిన పిదపనే మనసు కుదుటపడినది. మరుసటి యేడు సమయసార నాటకము పూర్తిచేసెను. ఆయన కీర్తికి అదొక్కటే చాలును.

కాని ఆయన అక్కడ ఆగలేదు. 1641లో, ఏబదియైదేండ్ల వయసున, 675 పద్యములలో తన జీవితమును వ్రాసెను. మానవుని ఆయువు నూటపది యేండ్లని లెక్కించి దానికి అర్ధకథానకమని పేరు పెట్టెను. వర్తకునికి పరువే పెట్టుబడి. అట్టివాడు తన బాకీలను, తెలివితక్కువ బేరములను, రోగములను, మూసిన గదిలోని ఆ వేషమును, తనను ఎరిగినవారు చదువునట్లు వ్రాయుట సముద్రము మీద సరకు వేయుటకన్న పెద్ద సాహసము. మూడు పెండ్లిండ్లు, తొమ్మండుగురు బిడ్డలు, ఒక్కరును దక్కలేదు. ఆ మాటయు లెక్క చెప్పినట్లే చెప్పెను.

చివర తన గుణములు కొన్ని చెప్పి, వెంటనే దోషములు విప్పెను: లోభము కలదు, అబద్ధమాడుటకు సిగ్గు లేదు, ఎవరును చూడనప్పుడు ఒంటరిగా నాట్యమాడును.

ఆ గ్రంథమును 1943లో నాథూరాం ప్రేమీ బొంబాయిలో ముద్రించెను. రెండవ సగము వ్రాయబడలేదు.