రేడియో అన్నయ్యను మళ్లీ గుర్తుచేసుకుందాం



నర్సరీ అడ్మిషన్లప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. క్లాసులో ఉండేది లేడీ టీచరే కదా అని. అవునంటే మీ ముఖాలు తేలికపడతాయి. ఆ ప్రశ్న తప్పని చెప్పడానికి రాయడం లేదు. చిన్నపిల్లల మధ్యే జీవితం గడిపిన ఒక మగమనిషి గురించి చెప్పి, ఆ ప్రశ్నను మీతో కలిసి మళ్లీ ఒకసారి చూద్దామని రాస్తున్నాను.

ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో రేడియో అన్నయ్య ఎవరని అడగండి. ఆయన అసలు పేరు న్యాయపతి రాఘవరావు. 1905లో బరంపురంలో పుట్టారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఆ ఊరు అప్పట్లో మన నెల్లూరులాగే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. ఆ తొలి ఏళ్లలోనే ఆయన, భార్య కామేశ్వరిగారు కలిసి తెలుగు పిల్లల కోసం బాలానందం కార్యక్రమం నడిపారు. ఆయన అన్నయ్య, ఆమె అక్కయ్య. తెలుగునాట పిల్లలందరికీ ఆ వరసలే స్థిరపడిపోయాయి.

అప్పటికి పిల్లలంటే పెద్దలు చెప్పింది కూర్చుని వినేవాళ్లు. మగవాళ్లు పసివాళ్లతో ఆడటం ఇంటి గడప దాటని విషయం. అన్నయ్య ఆ రెండింటినీ తిరగేశారు. మైకు పిల్లల చేతికే ఇచ్చారు. వాళ్లే పాడారు, కథలు చెప్పారు, నాటకాలు వేశారు. ముద్దుమాటలను ఎగతాళి చేయకుండా, తప్పు పలికినా కసరకుండా, పిల్లల మాటకు ఒక వేదిక కట్టడమే తన ఉద్యోగంగా పెట్టుకున్నారు. నర్సరీ టీచర్ పని కూడా సరిగ్గా ఇదే కదా!

1945లో ఆ దంపతులు బాల అనే మాసపత్రిక మొదలుపెట్టారు. చందమామ రావడానికి ఇంకా రెండేళ్లుంది. పిల్లలు పంపిన రాతలనూ బొమ్మలనూ అందులో అచ్చువేసేవారు. అలా అందులో కనిపించిన కుర్రాళ్లలో బాపు, ముళ్లపూడి వెంకటరమణ ఉన్నారు. వాళ్లు పెద్దయి ఏమయ్యారో మీకు చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అన్నయ్య, అక్కయ్య హైదరాబాదు చేరారు. నారాయణగూడలో ఆంధ్ర బాలానంద సంఘం పిల్లల ఆటపాటలతో నిండిపోయింది. 1984లో పోయేదాకా ఆయన పిల్లల మనిషిగానే ఉన్నారు.

గుజరాత్‌లో ఇలాంటివారే ఇంకొకరు, గిజుభాయ్ బధేకా. ఆయన వకీలు. కొడుకు పుట్టాక పిల్లల పెంపకం గురించి చదవడం మొదలుపెట్టి, మాంటిస్సోరి పద్ధతి తెలుసుకుని, చివరికి వకీలు వృత్తే వదిలేశారు. 1920లో భావనగర్‌లో పసివాళ్ల కోసం బాలమందిరం తెరిచారు. అక్కడివాళ్లు ఆయన్ని ప్రేమగా మీసాల అమ్మ అన్నారు. మనవాళ్లు మాత్రం రాఘవరావుగారిని అమ్మను చేయలేదు, అన్నయ్య అన్నారు. పసివాళ్లను చూసుకోవడానికి మగవాడు అమ్మగా మారనక్కర్లేదని, అన్నయ్యగా ఉంటే చాలని ఆ ఒక్క పిలుపు చెబుతుంది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వద్దాం. మైపాడు, కోడూరు వైపు నాన్నలు తెల్లవారకముందే వేటకు వెళ్తారు. రొయ్యల గుంటల దగ్గర ఏరియేటర్లు చూస్తూ రాత్రంతా మేలుకునేవాళ్లున్నారు. కృష్ణపట్నం పోర్టులో షిఫ్టులు చేసేవాళ్లున్నారు. నిద్ర లేచేసరికి నాన్న కనిపించని ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. బడికొస్తే అక్కడా అందరూ మేడమ్‌లే. అంగన్‌వాడీ కార్యకర్తల ఉద్యోగాలకు మహిళలే అర్హులు. మూడేళ్ల బాబుకు బూట్లు తొడిగే, ఏడిస్తే ఎత్తుకునే, కథ చెప్పే మగమనిషి ఎక్కడ కనిపిస్తాడు? లాలించడం ఆడవాళ్ల పని, అదిలించడం మగవాళ్ల పని అని ఎవరూ నేర్పకుండానే వాడు నేర్చుకుంటాడు.

మీ భయం నాకు తెలుసు. పసిపిల్లల దగ్గర మగ టీచరా అన్నప్పుడు ముందు గుర్తొచ్చేది భద్రత. ఆ జాగ్రత్త ఉండాల్సిందే. టీచర్ ఎవరైనా పూర్వాపరాలు విచారించారా, తరగతిలో ఇంకో పెద్దమనిషి ఉంటారా, బాత్రూమ్‌కు ఎవరు తీసుకెళ్తారు అని అడగండి. ఆడవాళ్లయినా మగవాళ్లయినా అవే ప్రశ్నలు, అవే నియమాలు ఉండాలి. జాగ్రత్త నియమాల్లో ఉంటే పిల్లలకు రక్షణ. అనుమానం ఒక్క మగవాళ్ల మీదే ఉంటే, మంచి అన్నయ్యలు గడప దగ్గరే ఆగిపోతారు.

ఇంకో మాట. మీ ఇంట్లో డిగ్రీ చదివే తమ్ముడో మేనల్లుడో చిన్నపిల్లలతో ఇట్టే కలిసిపోతుంటే, చిన్నపిల్లలకు చదువు చెప్పడం మగవాడికి తక్కువ పని అని అనకండి. అలా అన్న ఒక్క మాటతో కొందరు టీచర్లు పుట్టకముందే పోతారు.

ఈ నెల నాన్నలకు ఒక చిన్న హోంవర్క్. వారానికి ఒకరోజు, పది నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి పాపనో బాబునో మీకు కథ చెప్పమనండి. చేతిలో గరిటె ఉంటే అదే మైకు. మధ్యలో సరిదిద్దకండి, చివరిదాకా వినండి. రేడియో అన్నయ్య జీవితమంతా చేసిన పని అదే.