దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు

ఈ ఏడాది సావనీరుకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసివ్వమని యూనియన్ సెక్రటరీ అడిగినప్పుడు, మా ఆళ్లగడ్డ వైపు పాత క్రైస్తవ కుటుంబాల్లో పెద్దలు తలచుకునే పేరొకటి ఎంచుకున్నాను. ఎందుకని అంటే, ముందు నా సంగతి రెండు ముక్కలు చెప్పుకోవాలి.

నేను హాస్టల్లో పెరిగినవాణ్ణి. నాన్న పోయినాక అమ్మ నన్ను నంద్యాల దగ్గర ఒక మిషను హాస్టల్లో చేర్చింది. ఏటా చలికాలంలో విదేశాల నుంచి యువతీయువకులు అనాథ పిల్లలకు సేవ చేయడానికని వచ్చేవారు. రెండు వారాలుండేవారు. మాకు బెలూన్లు, రంగు పెన్సిళ్లు, చేతులూపుతూ పాడే పాటలు. మంచివాళ్లే, అబద్ధమెందుకు? ఒక అక్క వెళ్లేరోజు నన్ను పట్టుకొని ఏడ్చింది, మళ్లీ వస్తానంది. మరుసటి చలికాలం నేను గేటు దగ్గర నిలబడ్డాను. వేరేవాళ్లు దిగినారు. అవే బెలూన్లు. మూడో ఏటికి ఎవరి పేరూ అడగడం మానేసినాను.

అజరయ్యగారి జీవితం చదువుతుంటే ఆ గేటే గుర్తొచ్చింది. ఆయనా బయటినుంచి వచ్చినవాడే గదా!

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళదేశంలోని తిరునల్వేలి జిల్లాలో వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. నాడార్ కుటుంబం, తండ్రి ఊరి గురువు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ, పరీక్ష సమయానికి జబ్బుపడి డిగ్రీ లేకుండానే బయటికొచ్చారు. (బ్యాక్‌లాగులున్న మిత్రులు గమనించగలరు: 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.) 1895 నుంచి వై.ఎం.సి.ఏ.లో పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్లాడారు. ఆ కాలానికి కాలేజీ గడప తొక్కిన అరుదైన ఆడపిల్లల్లో ఆమె ఒకరు.

1902లో సింహళంలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సేవకులను బయటికి పంపుతున్నారు. మనం ఇంకా దొరల చేతికేసే చూస్తున్నామే అని ఆయనకు సిగ్గేసింది. మరుసటి ఏడాదే తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. డబ్బూ తమదే, మనుషులూ తమవాళ్లే. ఎంచుకున్న చోటు మాత్రం నిజాం రాజ్యంలోని దోర్నకల్. తిరునల్వేలి పల్లెటూరివానికి అది పరదేశం కిందే లెక్క: రాజు వేరు, భాష వేరు, తిండి వేరు.

సొసైటీ పెట్టి, చందాలు పోగుచేసి, ఇతరులను పంపి ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. 1909లో ముప్పై అయిదేళ్ల వయసులో మంచి ఉద్యోగం వదిలేసి, గురువై, తానే దోర్నకల్ చేరారు. తెలుగు అక్షరాల దగ్గర్నుంచి మొదలు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, భారతీయ సేవకులను సమానంగా చూడలేని మిషనరీల సంగతి మొగమాటం లేకుండా బయటపెట్టి, తమకు కావలసింది స్నేహితులు అని తేల్చేశారు. సభలో కొందరికి కోపమొచ్చింది. మూడేళ్లు తిరక్కుండానే, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన్ను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. తర్వాతి కాలంలో కర్నూలు, కడప జిల్లాల ఎస్.పి.జి. మిషను ఊళ్లు, మన నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ముత్యాలపాడుతో సహా, ఆయన అధ్యక్ష మండలంలో చేరాయి.

పిల్లల సంగతికొస్తాను. మాల, మాదిగ పల్లెల పిల్లలు పగలు గొడ్లు కాసేవారు, కొందరు జీతానికుండేవారు. వాళ్లకు బడి అంటే రాత్రిపూట దీపం పెట్టుకుని కూర్చునే ఊరి పంతులే. అజరయ్యగారు నమ్ముకున్నది ఈ పంతులునే. అతడు ఆ పల్లెలోనే కాపురముండాలి, ఆ పిల్లల ఇళ్లల్లో తినాలి. 1930ల నడిమికి ఇటువంటి ఉపాధ్యాయులు ఆ మండలంలో రెండువేలు దాటారు. బిషప్పుగారు ఎద్దులబండి మీద, సైకిలు మీద ఊరూరూ తిరిగేవారు. బోర్డింగు పిల్లలకు పుస్తకాలతోపాటు పొలం పనీ నేర్పించారు. మా జేజినాయన వాళ్ల నాయన అట్లాంటి పంతులే. మా ఇంట్లో మొదట పలక పట్టినవాడు ఆయన.

ఆయన చేసిందంతా అందరికీ నచ్చిందని కాదు. 1930లలో మతమార్పిడుల విషయంలో గాంధీగారికీ ఆయనకూ గట్టి భేదాభిప్రాయం వచ్చింది. ఆ వాదం నేను తేల్చగలిగేది కాదు. గుడి, మసీదు పోకడలు కలిపి కట్టించిన దోర్నకల్ దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. వేరువేరు సంఘాలు ఒకటి కావాలని పాతికేళ్లు పాటుపడి, అది చూడకుండానే 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడినప్పుడు మన నంద్యాలవాళ్లే చేరకుండా పట్టుబట్టి కూర్చోవడం ఒక విచిత్రం. వాళ్లు కలవడానికి చాలా ఏళ్లు పట్టింది.

వచ్చి ముప్పై ఆరేళ్లు. తిరునల్వేలికి తిరిగిపోలేదు.

మొన్న సెలవుల్లో మా పాత హాస్టలుకు పోయినాను. తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడానికి ఆదివారాలు వస్తానన్నాను. వార్డెన్‌గారు సంతోషించి, ఎన్నాళ్లు వస్తావు నాయనా అని అడిగినారు. గేటు దగ్గర ఇద్దరు చిన్నపిల్లలు నిలబడి మా మాటలు వింటున్నారు. నేనింకా జవాబు చెప్పలేదు.